లయకు కొలబద్ద: లోలకము నుండి చేతిఫోను వరకు

పుదుచ్చేరిలోని లాస్‌పేటను నేటివారు విమానాశ్రయమును బట్టియు, కళాశాలలను బట్టియు గుర్తింతురు. ఆ పేరులోని ‘లా’ అను మాట ఎక్కడిదని యోచించువారు తక్కువ. 1761లో ఆంగ్లేయుల చేత నేలమట్టమైన పుదుచ్చేరి తిరిగి ఫ్రెంచివారి వశమైన పిదప, 1765లో గవర్నరై వచ్చి పట్టణమును మరల నిలబెట్టిన ఝా లా ద లోరిస్తాన్ దొర పేరు మీదుగా ఆ పేట వెలసెనని చెప్పుదురు. అట్టి లాస్‌పేటలో నేడొక బాలిక శ్రుతిపెట్టె ప్రక్కన చేతిఫోను నుంచుకొని, అందలి యాప్ చేయు ‘టక్కు టక్కు’ మను శబ్దమునకు సరిగా అలంకారములు పాడుచున్నచో ఎవ్వరికిని వింతగా తోచదు. ఆ శబ్దము వెనుక నున్న చరిత్ర మాత్రము వింతయైనదే. దాని యొక పాయ ఐరోపాలోని గడియారముల నుండియు, మరియొక పాయ మన లక్షణగ్రంథముల నుండియు బయలుదేరినవి.

లా దొర గవర్నరగుటకు ముందే పుదుచ్చేరిలో తెలుగు మాటకు కొలతలు చెప్పు గ్రంథమొకటి పుట్టినది. డూప్లే కాలమున దుబాసిగా వెలుగొంది, 1736 మొదలుకొని 1761 వరకు తమిళమున దినచర్య వ్రాసిన ఆనందరంగ పిళ్ళె పేరు దక్షిణదేశ చరిత్ర చదివినవారందరు ఎరుగుదురు. ఆయన ఆదరమున కస్తూరి రంగకవి తెలుగున ఛందోగ్రంథమొకటి రచించి, దానికి ప్రభువు పేర ‘ఆనందరంగరాట్ఛందము’ అని నామకరణము గావించెను. ‘లక్షణచూడామణి’ అనునది దాని రెండవ పేరు. బట్టల బేరములు, ఓడల రాకపోకలు, దొరల తగవులు, ఇన్నింటి నడుమ ఊపిరి సలుపని ఆ దుబాసి లోగిలిలో గురులఘువుల లెక్కకును చోటు దొరికినదన్న మాట. ఫ్రెంచివారి చరిత్ర చెప్పు పుస్తకములలో ఈ సంగతి కానరాకపోవుట మన దురదృష్టము.

ఛందస్సున లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. సంగీతము ఈ పేళ్ళనే తీసికొని తాళాంగములకు పెట్టినది. కాని అక్కడ కొలత మారినది. పదుమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున మార్గతాళములకు మాత్రను నిర్ణయించుచు, ఐదు హ్రస్వాక్షరములు పలుకుటకు పట్టు కాలమును ప్రమాణముగా చెప్పెను. ఇది మనిషి నోటిని బట్టిన కొలత. ఐరోపాలోను ఇట్టి కొలతయే నడచినది. 1752లో క్వాంట్జ్ అను జర్మను వేణువిద్వాంసుడు తన గ్రంథమున ఆరోగ్యవంతుని నాడి నిమిషమునకు సుమారు 80 సారులు కొట్టుకొనునని చెప్పి, దానినే గతికి ఆధారముగా గైకొనెను. ఒకరు నాలుకను నమ్మిరి, మరియొకరు నాడిని నమ్మిరి. రెండింటికిని ఒకే చిక్కు. జ్వరము వచ్చినవాని నాడియు, తొందరపడువాని నాలుకయు ఒక్కతీరుగ నుండవు.

దేహమునకు వెలుపల కొలత వెదకుట గెలీలియో నాటి నుండి ఆరంభమైనది. ఆయన తండ్రి విన్సెంజో వీణ వంటి ల్యూట్ వాద్యమున ప్రవీణుడు. వ్రేలాడు బరువు కొద్దిపాటి ఊగులో ఎంత దూరము ఊగినను ఒక్కొక్క ఊపునకు పట్టు కాలము ఇంచుమించు సమానమని గెలీలియో గ్రహించెను. వైద్యులు దానితో రోగి నాడిని కొలిచిరి. 1656లో హైగెన్స్ దానిని గడియారమున కమర్చెను. ఈయనయే 1665లో మరియొక విచిత్రమును గమనించెను. ఒకే దూలమునకు తగిలించిన రెండు లోలక గడియారములు కొంతసేపటికి తమంత తామే ఒకదానితో నొకటి కుదురుకొని ఊగుచుండెనట. కచ్చేరిలో గాత్రమును మృదంగమును మొదటి ఐదు నిమిషములలో కుదురుకొనుట చూచినవారికి ఇందు ఆశ్చర్యముండదు.

సంగీతమునకై లోలకమును మొదట పనిలో పెట్టినవాడు ఫ్రెంచివాడే. లా దొర పుట్టుటకు 23 ఏండ్లు ముందు, 1696లో ఎతియెన్ లూలియే ‘క్రోనోమెత్ర్’ అను సాధనమును వర్ణించెను. అది మనిషి యెత్తు నిలువుకొయ్య. దాని మీద గుర్తులు. త్రాటిని పొడిగించిన కొలది ఊపు మందగించును. శబ్దము చేయదు, కన్నులతో చూడవలసినదే. సామాన్య లోలకమున ఉన్న ఇబ్బంది దాని పొడవు. సెకనున కొక్క ఊపు కావలెనన్న త్రాడు దాదాపు ఒక మీటరుండవలెను. నిమిషమునకు 40 ఊపులు మాత్రమే కావలెనన్న రెండుంబాతిక మీటర్లు, అనగా ఏడడుగులకు పైగా కావలెను. విలంబకాలమునకు ఇంటి కప్పు చాలదు!

ఈ చిక్కును విప్పినవాడు ఆంస్టర్‌డాంలోని వింకెల్. ఇరుసునకు క్రిందను పైనను రెండు వైపులను బరువు లుంచినచో చిన్న కడ్డీ కూడ మెల్లగా ఊగునని 1814లో కనుగొనెను. పై బరువును జరిపిన కొలది వేగము మారును. మేల్జెల్ అనునతడు దానిని చూచి, కొలతల పట్టిక తగిలించి, మెట్రోనోము అని పేరుపెట్టి, 1815లో పేటెంటు సంపాదించెను. లోపల మనిషిని దాచిపెట్టి ‘చదరంగమాడు యంత్రము’ అని ఊరూర ప్రదర్శించినవాడును ఈతడే. హాలెండు పండితులు పిదప విచారించి కల్పన వింకెల్‌దేనని తేల్చిరి గాని, స్వరపత్రముల మీద నేటికిని నిలిచినవి మేల్జెల్ పేరులోని అక్షరములే. నోటు వ్రాసినవాడొకడు, సంతకము చేసినవాడొకడు. కార్యాలయములలో పనిచేయువారికి ఈ కథ క్రొత్తది కాదు.

బీథోవెన్ ఈ యంత్రమును చూచి మురిసిపోయి, 1817లో తన ఎనిమిది సింఫనీలకు నిమిషమునకిన్ని దెబ్బలని అంకెలు ప్రకటించెను. ఆ అంకెలు మితిమీరిన వేగము గలవని కొందరు, అవియే సరియని కొందరు నాటి నుండి వాదించుచునే యున్నారు. కర్త స్వయముగా అంకె వేసియిచ్చినను తగవు తీరలేదు. మన పెద్దలు అంకె వేయకపోవుట లోపమనువారు ఈ విషయమును ఒకసారి తలపవలెను.

మన దేశమునకు ఐరోపా వాద్యములు రాకపోలేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ నేర్చి దానిని మన సంగీతమునకు అలవరచెను. అది నేడు మన సొత్తే. ఫ్రాన్సులో పుట్టిన హార్మోనియము నాటకశాలలలో రాజ్యమేలినను, 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించి ముప్పదియేండ్లకు పైగా దూరముంచెను. మెట్రోనోము మాత్రము ఆదరింపబడనూ లేదు, తిరస్కరింపబడనూ లేదు. అది మన సంగీతపు గడప తొక్కనే లేదు. దానితో పని లేకపోవుటయే ఇందుకు కారణమని చెప్పవచ్చును. తొడమీద వేయు దెబ్బ, వ్రేళ్ళ లెక్క, చేతి విసురు, ఇవియే మన యంత్రము. ఆదితాళమునకు నాలుగక్షరముల లఘువు, రెండు ద్రుతములు, మొత్తము ఎనిమిది. సప్తతాళములు ఐదు జాతులతో ముప్పదియైదగును. బాలపాఠములు చెప్పు గురువు ఒకే అలంకారమును మొదటి కాలమునను, రెండవ కాలమునను, మూడవ కాలమునను పాడించును. చేతి దెబ్బ మారరాదు. స్వరములు మాత్రము రెట్టింపు, నాలుగింతలు కావలెను. మొదటి కాలమున దెబ్బ జరిగినదా, మూడవ కాలమున నాలుక తడబడి దొంగ దొరికిపోవును. ఇంతకంటె చౌకయైన పరీక్షాయంత్రమును ఎవ్వరును కల్పించలేదు.

వ్రాతలోను మన పద్ధతి ఇట్టిదే. స్వరము పై ఒక గీత గీసిన వేగము రెట్టింపు, రెండు గీసిన నాలుగింతలు. ఏ వేగమునకు రెట్టింపు అన్నది గురుముఖమున తెలియవలసినదే. మద్రాసు సెక్రటేరియటులో ఉద్యోగము చేయుచు, తీరిక వేళల మన కృతులను ఐరోపా స్వరలిపిలోనికి ఎక్కించుటకు జీవితమును ధారపోసిన ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు ఈ లోటును దగ్గరగా చూచినవాడు. సుబ్బరామ దీక్షితుల విద్య అచ్చులోనికి రావలెనని పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యుడు. 1904లో ఎట్టయపురము నుండి సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో వెలువడుట వెనుక ఈ సర్కారు ఉద్యోగి పట్టుదల కలదు. ఫైళ్ళ నడుమ నలిగియు ఇంతటి పని చేసినవానిని ఉద్యోగుల సంఘములైనను తలచుకొనవలదా?

ఇక యంత్రము మన గడప తొక్కుట ఇరువదవ శతాబ్దము చివరి మాట. బెంగుళూరులో రాడెల్ సంస్థను నెలకొల్పిన జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురను, 1988లో ఎలక్ట్రానిక్ తబలాను సిద్ధపరచెను. 2008లో చేతిఫోనులకు యాప్‌ల అంగడి తెరచిన తరువాత ఈ పెట్టెలన్నియు ఫోనులో ఇమిడిపోయినవి. యాప్‌లో లోలకము లేదు. శబ్దమును సెకనునకు 44,100 తునుకలుగా తరుగుట ఒక వాడుక. నిమిషమునకు 60 దెబ్బలు కావలెనన్న యాప్ 44,100 తునుకలు లెక్కించి ఒక ‘టక్కు’ వేయును. 80 కావలెనన్న 33,075 లెక్కించి వేయును. అనగా ఇదియు అక్షరములు లెక్కించుటయే. శార్ఙ్గదేవుడు ఐదు లెక్కించెను, ఫోను వేలు లెక్కించుచున్నది. కర్ణాటక సంగీతమునకై చేసిన యాప్‌లలో తాళము, జాతి, గతి ఎన్నుకొనవచ్చును. సమము మీద దెబ్బ వేరు ధ్వనితో వినవచ్చును. తీగలేని చెవిగొట్టములు పెట్టుకొన్నచో శబ్దము సెకనులో కొంత భాగము ఆలస్యముగా చేరును. విని పాడువానికి దానివలన హాని లేదు. ఆలస్యము ప్రతి దెబ్బకును ఒక్కటే గనుక నడక చెడదు. తెరపై వెలుగు చూచుచు చెవితో వినువానికి మాత్రము రెండును పొందక చిరాకు పుట్టును.

ఇంతకును ఈ సాధనముతో అవసరమేమి? చిన్న లెక్క చూడుడు. ఆదితాళమున నిమిషమునకు 60 దెబ్బలతో ఆరంభించిన గాయకుడు ఆవర్తమునకు నూటికొక పాలు వేగము పెంచినాడనుకొందము. అది చెవికి పట్టనే పట్టదు. డెబ్బది ఆవర్తములు ముగియుసరికి వేగము రెట్టింపగును. దీనికంతయు ఏడు నిమిషములైనను పట్టదు! కల్పనస్వరముల వేడిలో ఏడు నిమిషములెంత? మొదట గంభీరముగా నడచిన కృతి కడకు పరుగు లంకించుకొనుట ఇందువలననే. పరుగెత్తినానని పాడువానికి తెలియదు, వినువాడు చప్పట్లతో ఇంకను తరుమును. ప్రతి పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యూరులో ఎందరో కలిసి పాడు త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నములు ఐదును ఆదితాళమే. అంతమంది గొంతులను ఒక్క నడకలో ఉంచుట ఎంతటి పనియో అందు కూర్చున్నవారికే తెలియును.

ఆక్షేపణలును బలమైనవే. క్షేత్రయ్య పదము విలంబమున సాగునప్పుడు దెబ్బకును దెబ్బకును నడుమ నున్న నిశ్శబ్దమే దాని ప్రాణము. ఫోను ఆ నిశ్శబ్దమును సున్నాగా లెక్కించును. గాయకుడు దానిని నింపవలెను. ఎత్తుగడ సమమున ఉండక అర దెబ్బ తరువాత వచ్చు కృతులలో, యంత్రపు దెబ్బకు లొంగిన విద్యార్థి పల్లవిని దెబ్బ మీదికి ఈడ్చును. అంతకంటె ముఖ్యము: చేయి ఊరకుండి చెవి మాత్రము పనిచేసినచో లయ ఫోనుదగును గాని పిల్లవానిది కాదు. మధ్యమకాలమునకు పేరెన్నికగన్న అరియకుడి రామానుజయ్యంగారి కచ్చేరిలో నడక సడలదని చెప్పుకొనుట వినుచున్నాము. అది తొడ మీది చేతి నుండి వచ్చిన నిలకడ. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఒకే తాళమున దెబ్బపడు చోట గతిని మార్చి త్రిముఖి, పంచముఖి మొదలగు క్రొత్త తాళములు కల్పించినప్పుడు ఏ యంత్రపు పట్టికలోను వానికి గడి లేదు.

కావున యాప్‌ను గురువుగా గాక పరీక్షకునిగా వాడుట మేలని తోచును. కొన్ని యాప్‌లలో నడిమి దెబ్బలను నోరు మూయించి, ఆవర్తపు మొదటి దెబ్బ మాత్రమే మ్రోగునట్లు అమర్చు వీలున్నది. ఆదితాళమునకు నిమిషమునకు 60 వేగమున పెట్టినచో ఒక దెబ్బ విన్న పిదప ఎనిమిది సెకనులకు గాని మరియొకటి వినరాదు. నడుమ ఏడు దెబ్బలు పిల్లవాని చేతివి. తరువాత రెండావర్తముల కొక్కసారి, నాలుగావర్తముల కొక్కసారి మ్రోగునట్లు మార్చవచ్చును. నాలుగావర్తములనగా ముప్పదిరెండు సెకనులు ఫోను మౌనముగా నుండును. ఆ వేళ పాడువాని చేయి సమమునకు వచ్చుటయు, యంత్రము మ్రోగుటయు ఒక్క క్షణమున జరిగినవా, ఒకటి ముందును ఒకటి వెనుకను జరిగినవా అన్నది గదిలో నున్న తల్లిదండ్రులకు కూడ వినబడును.