ఇంజనీరింగు పట్టమందిన తొలి యాంధ్రవనిత

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములయందు ఇంజనీరింగు చదువు నేడు వింత కాదు. బాపట్లలో 1981వ సంవత్సరముననే ఇంజనీరింగు కళాశాల వెలసెను. పట్టప్రదానోత్సవమునాడు నల్లని యంగీలు ధరించి వేదిక నెక్కు బాలికలను జూచి తలిదండ్రులు మురియుచున్నారు. ఇట్టి వేదికపై తొలుత నడుగిడిన యాంధ్రవనిత చరిత్రమును ఈ సంచికయందు మా పాఠకమహాశయులకు విన్నవింపదలంచితిమి.

కాకినాడ ఇంజనీరింగు కళాశాల 1946లో, మొదట విశాఖపట్టణము పేరుతో, నెలకొల్పబడినది. అంతకు పూర్వము మన డెల్టా బాలుడు ఇంజనీరు కాగోరినచో, రేపల్లెనుండి తెనాలికిని, అచ్చటనుండి బాపట్లమీదుగా చెన్నపట్టణమునకును రైలెక్కి గిండీ చేరుట వాడుక. 1794నాటి సర్వే పాఠశాలనుండి పెరిగిన విద్యాలయమది. బాలుడని వ్రాసితిమి, బాలికయను తలంపు ఆ దినములలో నెవరికిని రాలేదు.

ఆ కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులగు పప్పు సుబ్బారావుగారి కుమార్తె లలితగారు 1919 ఆగస్టు 27న చెన్నపట్టణమున జన్మించిరి. పదునైదవయేట అయ్యలసోమయాజులవారి కోడలైరి. 1937లో ఆడుబిడ్డ కలిగిన నాలుగు మాసములకే భర్త గతించెను. అప్పటి కామెకు పదునెనిమిదేండ్లు. ఆనాటి మన యిండ్లలో వితంతువు బ్రతుకెట్టిదో పెద్ద లెఱుగుదురు: వంటయిల్లు, మూలగది, శుభకార్యమువేళ ఎవరికంటను బడకుండుట. సుబ్బారావుగారు కుమార్తెను చదువునకు బంపిరి. ఆమె క్వీన్ మేరీసు కళాశాలలో ఇంటర్మీడియట్టు ప్రథమశ్రేణిలో నుత్తీర్ణురాలైరి. స్త్రీలకు వైద్యవిద్య యప్పటికే కలదు. అయినను వైద్యురాలైనచో అర్ధరాత్రమున పసిబిడ్డను విడిచి పోవలసివచ్చునని యెంచి యామె తండ్రి శాస్త్రమునే కోరుకొనిరి. తల్లి మనసు చేసిన నిర్ణయమిది. కీర్తికాంక్ష యిందు లేశమును లేదు.

తండ్రి యర్థింపగా, అధ్యక్షులు కె. సి. చాకోగారును, విద్యాశాఖ డైరెక్టరు స్టాథము దొరగారును అంగీకరించిరి. 1940లో ప్రవేశము లభించెను. వందలకొలది పురుషులలో ఒక్కతెగా నుండుట లలితగారికి దుస్సహమగుటచే, స్త్రీలకును ప్రవేశము గలదని ప్రకటింపబడెను. కేరళీయులగు పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జిగారలు సివిలు శాఖలో జేరిరి. యుద్ధకారణమున చదువుకాలము తగ్గింపబడగా 1943లో మువ్వురును ఒక్కసారియే ముగించిరి.

పట్టపత్రములు సిద్ధమయ్యెను గాని, అందు అచ్చుపడిన మాట పురుషవాచకము. స్త్రీ యీ పట్టమందునని అచ్చొత్తించినవారు తలంపలేదు. ‘అతడు’ అనుటకు ఆంగ్లమున నున్న మాటను కలముతో కొట్టివేసి ‘ఆమె’ యని దిద్దిరి. ఎన్ని సన్మానపత్రములలోని సమాసములకంటెను ఆ కొట్టివేత మాకు విలువైనదిగా దోచుచున్నది. సంఘముల విద్యార్థివేతన దరఖాస్తులను అచ్చువేయించు దాతలుకూడ ఈ సంగతి నొకమారు తలంచుకొందురుగాక!

తరువాత లలితగారు జమాల్పూరు రైల్వే కర్మాగారమున నొక యేడు పనినేర్చి, సిమ్లాలోని కేంద్ర ప్రమాణసంస్థలో ఉద్యోగించిరి. కొంతకాలము తండ్రిగారి పరిశోధనలలో దోడ్పడి, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసులో జేరిరి. సోదరుని కుటుంబ మచ్చటనుండుట బిడ్డకు నీడయయ్యెను. విద్యుత్ప్రసారమార్గముల రచనయందును, భాక్రానంగలు విద్యుద్యంత్రముల పనియందును ఆమె పాల్గొనిరి. త్రేసియాగారు 1971లో కేరళరాష్ట్ర చీఫ్ ఇంజనీరైరి.

1964లో న్యూయార్కున ప్రపంచ స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ మహాసభ జరిగెను. మన దేశమున అట్టి స్త్రీసంఘ మింకను లేనందున లలితగారు స్వంతహోదాతోనే హాజరైరి. మఱుసటి యేడు లండనులోని స్త్రీ ఇంజనీర్ల సంఘమున పూర్ణసభ్యురాలైరి. 1977లో ఉద్యోగవిరమణ చేసి, 1979 అక్టోబరు 12న తమ యఱువదవయేట దివంగతులైరి.