ఎంటర్‌ప్రైజ్ జావా శిక్షణ (హైదరాబాదు)

ఎంటర్‌ప్రైజ్ జావా శిక్షణ అనగా బ్యాంకులు, బీమా సంస్థలు, రవాణా సంస్థలు వంటి పెద్ద వ్యవస్థలకు అవసరమైన బహుళ అంచెల సాఫ్టువేరును జావా భాషలో నిర్మించుటకు ప్రోగ్రామర్లకు ఇచ్చే శిక్షణ. హైదరాబాదులో ఈ శిక్షణకు అమీర్‌పేట ప్రధాన కేంద్రము. నగరం మధ్యలోని నారాయణగూడ, హిమాయత్‌నగర్, చిక్కడపల్లి, దోమలగూడ పరిసరాలలో కూడా కంప్యూటరు శిక్షణా కేంద్రాలు నడిచాయి. తెలుగు జిల్లాల నుండి డిగ్రీ, ఎంసిఎ, ఇంజనీరింగు పూర్తిచేసి వచ్చిన ఎందరికో సాఫ్టువేరు ఉద్యోగానికి ఇదే తొలి మెట్టు అయినది.

అంచెలు అనగా ఏమి?

చిన్న ప్రోగ్రాము అంతా ఒకే కంప్యూటరులో ఉంటుంది. పెద్ద వ్యవస్థలో పనిని సాధారణంగా మూడు అంచెలుగా విభజిస్తారు. వినియోగదారుడు చూసే తెర మొదటి అంచె. సంస్థ నియమాలను అమలుపరచే మధ్య అంచె, అప్లికేషన్ సర్వరుపై పనిచేస్తుంది. వివరాలను భద్రపరచే డేటాబేసు మూడవ అంచె.

దీని అవసరమును ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. మహాత్మా గాంధీ బస్ స్టేషను నుండి కర్నూలు వెళ్ళే బస్సులో ఒక్క సీటే మిగిలినదనుకొందాం. దోమలగూడలో ఇంటి నుండి ఒకరు, బస్ స్టేషను కౌంటరు నుండి మరొకరు అదే క్షణంలో దానిని కోరారు. ఇద్దరి తెరల మీద సీటు ఖాళీగానే కనిపిస్తున్నది. ఎవరికి ఇవ్వాలో తెర నిర్ణయించలేదు. మధ్య అంచె, డేటాబేసు కలిసి నిర్ణయించాలి. పైగా డబ్బు తీసుకొనుట, సీటు కేటాయించుట రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. దీనినే లావాదేవీ (ట్రాన్సాక్షన్) అంటారు. ఎంటర్‌ప్రైజ్ జావాలో విద్యార్థి నిజంగా నేర్వవలసిన విషయాలలో ఇది ముఖ్యమైనది. తక్కినవి చాలావరకు పనిముట్లు మాత్రమే.

చరిత్ర

జావాను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో విడుదల చేసినది. పెద్ద సంస్థల అవసరాలకు కావలసిన ప్రమాణాలను కూర్చి 1999 డిసెంబరులో జె2ఈఈ పేరుతో వెలువరించినది. హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమై (1998 నవంబరు) అప్పటికి ఏడాది మాత్రమే. 2000 సంవత్సరపు తేదీల సమస్య వలన కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ శిక్షణకు గిరాకీ ఏర్పడినది. ఆ సమస్య తీరిన పిమ్మట ఆ గిరాకీ తగ్గి, విద్యార్థులు జావా వైపు మళ్ళారు. అమీర్‌పేట శిక్షణా కేంద్రాలకూ విదేశీ ఉద్యోగాలకూ గల సంబంధమును మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో అధ్యయనం చేసి, 2007లో గ్రంథముగా ప్రచురించారు.

బోధనా విధానం

అమీర్‌పేట మైత్రీవనం పరిసరాలలో ఏర్పడిన పద్ధతికి ప్రత్యేక లక్షణాలు కలవు. మొదటి తరగతి ఉచితం. దానిని 'డెమో' అంటారు. ఉపాధ్యాయుని చూసి విద్యార్థులు చేరుతారు గనుక, పలుచోట్ల సంస్థ పేరుకంటె ఉపాధ్యాయుని పేరే పెద్దది. తెల్లవారగానే మొదటి బ్యాచి. పేరున్నవారి తరగతులలో వందల మంది కూర్చుంటారు, పాఠం మైకులో చెబుతారు. చక్కని దస్తూరి గల విద్యార్థి వ్రాసుకొన్న నోట్సు జిరాక్సు దుకాణాలకు చేరి, తరువాతి బ్యాచిలకు పాఠ్యపుస్తకం అవుతుంది.

పాఠ్యక్రమంలో ముందు 'కోర్ జావా', తరువాత 'అడ్వాన్స్‌డ్ జావా' ఉంటాయి. జెడిబిసి, సర్వ్‌లెట్లు, జెఎస్‌పి కలిపి రెండవ పేరుతో చెబుతారు. సన్ సంస్థ ప్రమాణాలలో ఆ పేరుతో ఏ విభాగమూ లేదు. అది శిక్షణా కేంద్రాల వాడుక. అటుపై ఇజెబి, స్ట్రట్స్, హైబర్నేట్, స్ప్రింగ్ వచ్చేవి.

పాతబడిన పాఠాలు

ఇజెబి రెండవ రూపంలో ఒక్క చిన్న భాగమును వ్రాయాలన్నా హోమ్ ఇంటర్‌ఫేసు, రిమోట్ ఇంటర్‌ఫేసు, అసలు క్లాసు, వీటికి తోడు ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు కావలసి ఉండేవి. విద్యార్థులు వీటిని ఎక్కాల వలె వల్లె వేసేవారు. 2004లో స్ప్రింగ్ 1.0 వచ్చినది. 2006లో జావా ఈఈ 5తో వచ్చిన ఇజెబి 3.0 ఆ తతంగమును చాలావరకు తొలగించినది. అప్పు చేసి ఫీజు కట్టి, హాస్టలు గదిలో నెలల తరబడి బట్టీ పట్టిన దానిలో చాలా భాగం అక్కరకు రాకుండా పోయినది. లావాదేవీ అంటే ఏమిటో గ్రహించినవారు మాత్రం కొత్త పనిముట్టుకు త్వరగా మారగలిగారు.

విమర్శలు

ప్రయోగశాల లేకుండా బోర్డు మీద ప్రోగ్రాములు వ్రాయించుట, ఇంటర్వ్యూ ప్రశ్నలకే జవాబులు నేర్పుట ఈ విధానంలోని లోపాలు. అంతకంటె తీవ్రమైనది, లేని ఉద్యోగానుభవమును ఉన్నట్లు చూపే పత్రాల వ్యవహారం. ఇది నేరము. సంస్థల విచారణలో బయటపడితే ఉద్యోగమే పోతుంది. అదే ఊరి నుండి నిజాయితీగా వచ్చిన అభ్యర్థి మీద కూడా అనుమానం పడుతుంది. అయితే కళాశాలలలో దొరకని పాఠం తక్కువ ఫీజుకు ఇక్కడ దొరికినదన్న మాటను కూడా విస్మరించరాదు.

తరువాతి పరిణామాలు

2007లో నారాయణగూడలో కేశవ్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఏర్పడుటతో ఈ ప్రాంతానికి ఇంజనీరింగు కళాశాల వచ్చినది. ప్రక్కనే ఉన్న అశోక్ నగర్ ప్రభుత్వోద్యోగ పరీక్షల శిక్షణకు పేరుపొందినది. 2010లో సన్ సంస్థను ఒరాకిల్ కొనుగోలు చేసినది. 2014లో వచ్చిన స్ప్రింగ్ బూట్ పాఠ్యక్రమంలో ప్రధాన స్థానం పొందినది. ప్రమాణాల నిర్వహణ ఎక్లిప్స్ ఫౌండేషనుకు మారగా, 2018లో జకార్తా ఈఈ అను పేరు స్థిరపడినది. 2020లో వెలువడిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీల పేర్లలో 'జావాఎక్స్' స్థానంలో 'జకార్తా' చేరినది. అందువలన పాత నోట్సులోని సర్వ్‌లెట్ ప్రోగ్రామును ఉన్నదున్నట్లు ఎక్కించితే కొత్త సర్వరు మీద అది కంపైలు కాదు. అదే ఏడాది కరోనా వలన తరగతి గదులు మూతపడి, పాఠాలు ఆన్‌లైనుకు మారాయి.