దేవనహళ్ళి మడులలో కలుపు

నందిదుర్గమునకు దక్షిణమున, జీవనది యొక్కటియు లేని మెట్టభూమిలో, 1501వ సంవత్సరమున మల్లబైరేగౌడుడు మట్టికోట కట్టించిన దేవనహళ్ళి పరిసరములందు రాగియే ప్రధానమైన పైరు; వరి చెరువు తూము క్రింద నీరు పారినంత మేర మాత్రమే పండెడిది. తెలుగు మాటాడు మొరసు ఒక్కలిగ కుటుంబములు తరతరములుగా సాగుచేసిన యీ సీమలో, చెరువు నిండుటను బట్టి విత్తు పద్ధతియు, విత్తు పద్ధతిని బట్టి కలుపు భారమును నిర్ణయమగుచుండెను.

ఇచ్చట జన్మించిన టిప్పు సుల్తాను 1799లో కూలిన మరుసటి యేడు, ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము పంపగా మైసూరు దేశమున సంచరించిన ఫ్రాన్సిస్ బుకానన్, శ్రీరంగపట్టణ ప్రాంతమున పొడివిత్తు చల్లుట, మొలకవిత్తు చల్లుట, నారు నాటుట యను మూడు విధముల వరిసాగును వర్ణించెను. పొడివిత్తు మడిలో వరియు కలుపును కవలలవలె కలసి పుట్టును. నాటిన మడిలోనైతే నారు ముందుగానే యెదిగియుండుటచేతను, నిలిచిన నీరు గడ్డివిత్తులను అణచుటచేతను, రైతునకు కొంత ఊరట.

కలుపుమొక్కలలో మాయలాడి ఊద. లేతదశలో అది అచ్చముగా వరియే. ఆకు కాడను గూడుచోట వరికి పలుచని పొరయు, నూగుగల చిన్న చెవులును ఉండును. ఊదకు ఆ రెండును లేవు, ఆ తావు నున్నగా నుండును. ఈ శాస్త్రము నేర్చినవారు పుస్తకములు చదివినవారు కారు, మోకాలిలోతు బురదలో వంగి మొక్కమొక్కను బొటనవ్రేలితో తడవి పీకిన కూలిస్త్రీలు. వారి చేతికి తప్పించుకొన్న ఊద కంకి వేసి వరికి పైన తల యెత్తినప్పుడు, గింజ రాలకమునుపే కోసి పశువులకు వేసెడివారు. ఆలస్యపు కలుపునకు పూర్వులు కనుగొన్న చికిత్స యిదియే.

రెండవ ప్రపంచయుద్ధ కాలపు రహస్యపరిశోధనలనుండి వెలువడిన 2,4-డి యను కలుపుమందుతో రసాయనయుగము మొదలైనది. 1964లో బెంగళూరున వ్యవసాయ విశ్వవిద్యాలయము నెలకొన్నది. 1978లో కలుపు నివారణపై అఖిలభారత సమన్విత పరిశోధన ఆరంభమైనది. 2008లో దేవనహళ్ళి చెంత విమానాశ్రయము తెరువబడెను; నగరము పైకొన్న పల్లెలలో పొలములు స్థలములైనవి, కలుపుతీయు చేతులు కరవైనవి. మందుడబ్బా నాశ్రయించిన రైతును నిందింపజాలము.

కాని మందునకును ఋతువు కలదు. బ్యూటాక్లోరును ఇసుకలో కలిపి నాటిన 3 నుండి 5 దినములలో చల్లవలెను. బిస్పైరిబాక్ సోడియమును 15–20 దినములకు, ఊద రెండు మూడాకుల దశలో నుండగా. వెడల్పాకు కలుపునకు 2,4-డి సోడియం లవణమును 25–30 దినములకు, పిలకలు పూర్తియగు వేళ, పిచికారీ చేయవలెను. అటుపై దుబ్బులో కంకి రూపుకట్టుట మొదలగును; ఇదియే చిరుపొట్ట దశ. పెరుగుదల హార్మోనును అనుకరించు 2,4-డి యప్పుడు సోకినచో కంకి వికృతమై, గింజలు తాలుగా మారును. ముదిరిన ఊదకును బిస్పైరిబాక్ చాలదు. అంతేకాక, తొలి 40 దినములలో కలుపు హరించిన బలమును ఆ తరువాత నెంత మందును పైరునకు మరల నీయజాలదు.

కావున రైతుసోదరులారా, చిరుపొట్ట పట్టిన మడిలో కలుపుమందు పోయకుడు; ఊద కంకులను కొడవలితో కోసి గట్టునకు చేర్పుడు.