అట్టు అంటుకోని పెనం – కొంత చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా పంపమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. రాజుల చరిత్ర రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఖజానా శాఖలో గుమాస్తాగా ముప్పయి అయిదేళ్లు లెక్కలు రాసినవాణ్ణి. కాబట్టి మనందరి ఇళ్లలోనూ ఉండే పెనం చరిత్ర రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. దాన్నీ దాచకుండా రాస్తాను.

1950ల చివర, మా చిన్నతనంలో, పులుసు మట్టి దాకలో కాగేది, అన్నం ఇత్తడి గిన్నెలో ఉడికేది, అట్టు ఇనప పెనం మీద కాలేది. ఇదంతా ఆచారమనుకునేవాణ్ణి. దీనికి కారణాలున్నాయని చాలా కాలానికి తెలిసింది. ఇత్తడిలో పులుపు పడితే చిలుము పుడుతుంది. అందుకని లోపల కళాయి పూయించేవారు. కళాయి వేసే అతను వీధిలో కొలిమి పెట్టి, నవాసారం చల్లి, కాలిన గిన్నెలో గుడ్డతో తగరం పూస్తుంటే పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్లం. ఆ తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరిగిపోతుంది. పొయ్యి మీద ఖాళీ పెనం ఆ వేడిని దాటడానికి ఎంతోసేపు పట్టదు. అందువల్ల కళాయి గిన్నె అట్టుకు పనికిరాదు. ఇక మిగిలింది ఇనుమే.

మా అమ్మ పెనం మా ఊరి కమ్మరి కొట్టి ఇచ్చినది. నల్లగా, అద్దంలా నున్నగా ఉండేది. ఇనుము పుట్టుకతో అలా ఉండదు. ఏ లోహమైనా కంటికి నున్నగా కనబడుతుంది గాని, దాని మీద సన్నని గరుకుదనం ఉంటుంది. తడిపిండి అందులోకి దిగి, పిండిలోని మాంసకృత్తులు వేడికి లోహాన్ని పట్టుకుంటాయి. అట్టు అంటుకోవడమంటే ఇదే. ఇనుముకు పలచగా నూనె రాసి బాగా కాచినప్పుడు, ఆ నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడి, వార్నిషులాంటి నల్లని పొర అవుతుంది. అలా పొర మీద పొర ఏర్పడితేనే అట్టు లేస్తుంది. 1976లో మా పెళ్లయ్యాక ఆ పెనాన్ని అమ్మ నా భార్య చేతికి ఇస్తూ ఒకటే మాట చెప్పింది: “దీని మీద రొట్టెలు కాల్చకమ్మా.” నూనె లేకుండా రొట్టెలు కాలిస్తే ఆ పొర మాడిపోతుంది. అమ్మకు రసాయనశాస్త్రం తెలియదు గాని పెనం సంగతి తెలుసు.

తర్వాత వచ్చినది అల్యూమినియం. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ విద్యుత్తుతో దాన్ని తీసే పద్ధతి కనుక్కున్నాక అది చవకయింది. 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీ ప్రారంభించారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. ఆ లోహం తేలిక. వేడిని ఇనుముకన్నా సుమారు మూడు రెట్లు బాగా పారిస్తుంది. కాని మెత్తన. అట్లకాడ గీరితే గీత పడుతుంది, ఆ గీతల్లో పిండి అంటుకుంటుంది.

ఆ పైన స్టెయిన్‌లెస్ స్టీలు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రేర్లీ తయారుచేసిన ఆ ఉక్కు, మన ఇళ్లలోకి పాత పట్టుచీరలకు మారుబేరంగా వచ్చింది. తుప్పు పట్టదు, చింతపండుకు భయపడదు. అయితే వేడిని సమంగా పారించదు. మంట తగిలినచోట మాడుతుంది, పక్కన పచ్చిగా ఉంటుంది. అందుకే స్టీలు గిన్నెలెన్ని వచ్చినా మన ఇళ్లలో అట్ల పెనం ఇనుముగానే ఉండిపోయింది.

ఇక నాన్‌స్టిక్. 1938 ఏప్రిల్ 6న అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఒక గ్యాసు సిలిండరు తెరిచాడు. తూకం సరిగానే ఉంది గాని గ్యాసు రాలేదు. కోసి చూస్తే లోపల మైనంలాంటి తెల్లని పొడి! దేనికీ అంటని ఆ పదార్థమే తర్వాత టెఫ్లాన్ పేరుతో ప్రసిద్ధి కెక్కింది. ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజనీరు, భార్య సలహా మీద, దాన్ని అల్యూమినియం పెనానికి పట్టించి 1956లో టెఫాల్ కంపెనీ పెట్టాడు. మన దేశంలో 1968లో ఔరంగాబాదులో నిర్లేప్ కంపెనీ మొదలయింది. దేనికీ అంటనిది నిర్లేపం. తగిన పేరే పెట్టారు.

2008లో నేను రిటైరై, చేతికొచ్చిన డబ్బుతో ఒక నాన్‌స్టిక్ పెనం కొన్నాను. ఆఫీసులో విరిగిన కుర్చీని కండెం చేయాలన్నా మూడు సంతకాలు కావాలి. ఇంట్లో అమ్మ పెనాన్ని మాత్రం ఎవరినీ అడగకుండా పాత ఇనప సామాన్లవాడికి తూకానికి వేసేశాను. “అత్తయ్యగారిదండీ అది” అని నా భార్య మెల్లగా అంది. “నీ మణికట్టు నొప్పికి ఇది తేలిగ్గా ఉంటుంది” అన్నాను. అది అబద్ధం కాదు. నిజంగానే ఆమె చేతికి సుఖంగా ఉండేది. కాని రెండేళ్లకే పూత లేచి, ఆ పెనం కూడా రిటైరయింది. మళ్లీ ఇంకొకటి, తర్వాత మరొకటి కొన్నాం.

2021లో ఆమె వెళ్లిపోయింది. రెండేళ్ల క్రితం నేనే ఒక ఇనప పెనం కొన్నాను. బూడిదతో తోమి, రెండు రోజులు గంజిలో నానబెట్టి, నూనె రాసి కాచాను. మొదటి పది రోజులు ఒక్క అట్టూ లేవలేదు. గీరి గీరి తిన్నాను. పెనం చల్లగా ఉంటే పిండి పట్టేసుకుంటుంది, మరీ కాలితే పరుచుకోక గరిటెకే చుట్టుకుంటుంది. నీళ్లు చిలకరించి, చుయ్యిమన్నాక సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్ది, అప్పుడు వేయాలి. అంచులు లేచేదాకా అట్లకాడ పెట్టకూడదు. నేను పేపరు చదువుతూ వేడి అట్లు తిన్న ముప్పయి రెండేళ్లూ ఆ వంటింట్లో ఎంత ఓర్పు ఖర్చయిందో అప్పుడు తెలిసింది.

మిత్రులకు రెండు మనవులు. ఇనుము బరువు మోయలేనివారు నిరభ్యంతరంగా నాన్‌స్టిక్ వాడండి. కాని ఖాళీగా పెద్ద మంట మీద వదలకండి. ఆ పూత 260 డిగ్రీలదాకానే క్షేమం. మరీ వేడెక్కితే వచ్చే పొగకు పంజరంలో పక్షులు చచ్చిపోతాయి. దాని తయారీలో లోగడ వాడిన పి.ఎఫ్.ఓ.ఎ. అనే హానికర రసాయనాన్ని అమెరికాలోని పెద్ద కంపెనీలు 2015 నాటికి మానుకున్నాయి, 2019లో స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందంలోనూ దాన్ని చేర్చారు. పూత లేచిన పెనాన్ని మాత్రం పొదుపు కోసం ఉంచుకోకండి. రెండవది, ఇంట్లో పెద్దల నాటి ఇనప పెనం ఉంటే తుప్పు పట్టిందని పారేయకండి. తోమి, తడి లేకుండా తుడిచి, నూనె రాసి కాచుకుంటే మళ్లీ పనికొస్తుంది.

మొన్న పండక్కి వచ్చిన మా కోడలు నా పెసరట్టు తిని, “ఈ పెనం నాకిస్తారా మావయ్యగారూ?” అని అడిగింది. ఇస్తానమ్మా అన్నాను. దాని మీద రొట్టెలు కాల్చవద్దని మాత్రం చెప్పాను.