మన్‌స్టర్ ఫ్యూజిలియర్ల పతాకంపై చందుర్తి

ఐర్లండులోని కెర్రీ, కార్క్, లిమరిక్, క్లేర్ కౌంటీల పటాలంగా 1881లో రూపొందిన రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ యుద్ధ గౌరవాలలో 'కాండోర్', 'మసులిపటం' అనే రెండు తెలుగునాటి పేర్లున్నాయి. మొదటిది 1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన జరిగిన చందుర్తి యుద్ధానికి, రెండవది 1759 ఏప్రిల్‌లో జరిగిన మచిలీపట్నం కోట స్వాధీనానికి చెందినవి. ఈ పటాలానికి పూర్వరూపమైన బెంగాల్ యూరోపియన్ దళం కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఫ్రెంచివారిని ఓడించినందున ఆ గౌరవాలు దీనికి వారసత్వంగా సంక్రమించాయి.

అయితే బెంగాల్ నుండి ఫోర్డ్ వెంట వచ్చిన ఐరోపా సైనికులు సుమారు 500 మంది, సిపాయీలు 2,000 మంది. ఆంగ్లేయులను ఆహ్వానించిన విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు సేనలు వీరికి అదనం. గౌరవం మాత్రం ఐరోపా పటాలం వారసులకే దక్కింది.

1922లో పటాలం రద్దై, దాని పతాకాలు విండ్సర్ కోటకు చేరాయి. యుద్ధ గౌరవాలను చారిత్రకాధారాలుగా స్వీకరించేటప్పుడు వాటిలో చోటు దక్కని సైనికులను కూడా పరిగణించవలసి ఉంది.