గౌతమి ఇంటికొచ్చిన రోజులు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని, అక్కడే బిగించి ఇచ్చిన అసెంబుల్డ్ కంప్యూటర్లు ఎన్నో తెలుగు ఇళ్లకు చేరాయి. ఇంట్లో దాని పేరు ‘సిస్టమ్’. ఈ శతాబ్దం మొదట్లో అందులో ఎక్కువగా ఉండేది విండోస్ 98. అది మొరాయిస్తే తెలిసిన కుర్రాడొకడు సీడీ పట్టుకుని వచ్చేవాడు. ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ వేసి వెళ్లేవాడు.

2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీ విడుదలైంది. విండోస్ 98కి 16 ఎంబీ ర్యామ్ ఉంటే చాలు. ఎక్స్‌పీకి కనీసం 64 కావాలి, 128 ఉంటే మేలని మైక్రోసాఫ్టే చెప్పింది. అందుకే చాలామందికి కొత్త విండోస్ కన్నా ముందు కొత్త ర్యామ్ ఖర్చు వచ్చిపడింది. పచ్చని గుట్ట, నీలాకాశం ఉన్న ఎక్స్‌పీ తెర బొమ్మ ఇప్పటికీ చాలామందికి గుర్తే. ఎక్స్‌పీతో, విండోస్ 95, 98ల కింద ఉన్న పాత డాస్ పునాది పోయి, అప్పటిదాకా ఆఫీసు యంత్రాల్లో నడిచిన ఎన్‌టీ పునాది ఇళ్లకు వచ్చింది.

తెలుగువాళ్లకు మాత్రం అసలు మార్పు మరోచోట జరిగింది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఒక సంఖ్య ఉంది. కానీ ఆ సంఖ్యలను చదివి తెలుగు రాసే విద్య ఇంటి కంప్యూటర్‌కు రాలేదు. విండోస్ 98 ‘కోడ్ పేజీ’ల మీద, అంటే లిపులవారీ అక్షర పట్టికల మీద నడిచేది, వాటిలో తెలుగుకు పేజీయే లేదు. డీటీపీ షాపులు దీనికి ఒక ఉపాయం పట్టుకున్నాయి. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లు వాడాయి. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు అలాగే అచ్చయ్యాయి. కాగితం మీద అంతా సవ్యమే. అదే ఫైలును ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు మాయమై, అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు మిగిలేవి.

‘స్త్రీ’ అనే మాటనే చూడండి. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు ఈకారం: మొత్తం ఆరు సంకేతాలు. వాటిని వరసగా పేరిస్తే తెలుగు కాదు. వత్తులు కిందికి దిగాలి, గుడిదీర్ఘం పైకెక్కాలి. ఆ కూర్పు ఆపరేటింగ్ సిస్టమే చేయాలి, అందుకు తగిన ఫాంటూ ఉండాలి. విండోస్ 2000 హిందీకి, తమిళానికి ఆ పని చేసింది. తెలుగు వంతు ఎక్స్‌పీతో వచ్చింది. ఆ ఫాంటు పేరూ, గోదావరి పాయ పేరూ ఒకటే: గౌతమి.

అయితే గౌతమి దానంతట అది పలికేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోని భాషల విభాగంలో ఒక గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు సిస్టమ్ ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. సీడీ పెట్టి, ఒకసారి రీస్టార్ట్ చేయాలి. ఈ సంగతి తెలియనివాళ్లకు కనిపించినవి డబ్బాలు, లేదా విడివిడిగా పడిన వత్తులు.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. తర్వాత ఇంగ్లిషు కీబోర్డుతోనే తెలుగు రాయించే లేఖిని లాంటి ఉపకరణాలు వచ్చాయి. ఆ రాతలు పదిమంది చదవగలిగారంటే అప్పటికి ఆ ఇళ్లలో ఎక్స్‌పీ ఉండటం పెద్ద కారణం. తెలుగుకు అచ్చుయంత్రం తర్వాత అంతటి మేలు చేసిన సాంకేతిక మార్పుల్లో దీన్ని లెక్కపెట్టవలసిందే.

ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. విండోస్ 10కి ఆ గడువు 2025 అక్టోబరు 14న తీరింది. విండోస్ 11 నియమాలకు సరిపోని యంత్రాలు ఇప్పుడు అటకెక్కుతున్నాయి, పాత సామాన్లవాడికి పోతున్నాయి. వాటి హార్డ్ డిస్కుల్లో ఆ నాటి డీటీపీ ఫాంట్లలో కూర్చిన కథలు, ఊరి చరిత్రలు, తాతల జ్ఞాపకాలు ఉండవచ్చు. మీ ఇంట్లో అలాంటి డిస్కు ఉంటే, అమ్మేముందు ఆ ఫైళ్లను ఫాంటుతో సహా పక్కకు తీసి, యూనికోడ్‌లోకి మార్పించండి.