కొట్టువాడి పూచీ

లిప్టన్ టీని మన ఇళ్ళలో ఎవరూ కొట్టు సరుకు అనరు. అది కంపెనీ టీ. కానీ పుట్టుక చూస్తే అచ్చంగా కొట్టు సరుకే. థామస్ లిప్టన్ 1871లో గ్లాస్గోలో తెరిచింది వెన్న, పంది మాంసం, గుడ్లు అమ్మే పచారీ కొట్టు. 1890లో సిలోన్ వెళ్ళి టీ తోటలు కొన్నాడు. మధ్యనున్న టోకు వర్తకులను తప్పించి, తూకం కట్టిన పొట్లం మీద తన పేరు అచ్చేసి తన కొట్లలోనే అమ్మాడు. ఇవాళ టెస్కో, సెయిన్స్‌బరీస్ లాంటి బ్రిటిష్ సూపర్‌మార్కెట్లు టమాటా ముక్కల డబ్బా మీద, పాస్తా పొట్లం మీద తమ పేరు వేసుకుని చేస్తున్నదీ ఇదే పని. లిప్టన్ పొట్లం కొట్టు గడప దాటి లోకమంతా తిరిగింది, టమాటా డబ్బా కొట్టులోనే ఉండిపోయింది, అంతే తేడా. ఈ సొంత బ్రాండ్ సరుకును నెలాఖరుకు జేబు తేలికైనప్పుడు, పనినుంచి అలసి వచ్చిన రాత్రి ఏదో ఒకటి వండుకోవడానికి కొనేదిగానే చాలామంది చూస్తారు. చరిత్ర చూస్తే వరస మరోలా కనిపిస్తుంది. కొట్టు తన పేరు వేసి మొదట అమ్మింది పూచీ. చవక ఆ పూచీ భుజమెక్కి వచ్చింది.

పూచీకి అంత విలువ రావడానికి కారణం, పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో తిండి వస్తువును నమ్మే దారి లేకపోవడం. ఆర్థర్ హిల్ హాసల్ అనే వైద్యుడు 1850ల తొలినాళ్ళలో లండన్ కొట్ల నుంచి సరుకులు కొని తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. తేలినదాన్ని కొట్టుదారుల పేర్లతో సహా లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. రొట్టెలో పటిక, కాఫీలో చికోరీ. (చికోరీ మన ఫిల్టర్ కాఫీకి అలవాటైన రుచే, అక్కడ నేరం దాన్ని చెప్పకుండా కలపడం.) 1858లో బ్రాడ్‌ఫర్డ్‌లో చక్కెర ఖర్చు తగ్గించడానికి పిప్పరమెంటు బిళ్ళల్లో కలిపే తెల్లపొడికి బదులు పొరపాటున పాషాణం పడి 20 మంది దాకా చనిపోయారు. కల్తీ మీద గట్టి చట్టం 1875కి గాని రాలేదు. అప్పటిదాకా ప్రభుత్వం చేయని పనిని కొనేవాళ్ళే చేసుకున్నారు. 1844 డిసెంబరు 21న రోచ్‌డేల్‌లో నేత కార్మికులు, ఇతర చేతిపనివాళ్ళు కలిసి తెరిచిన సహకార కొట్టులో ఉన్నవి పిండి, వెన్న, చక్కెర, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు మాత్రమే. సరుకు కల్తీ లేనిది, తూకం సరైనది. వాళ్ళ గొప్ప అదే. అలాంటి సంఘాలన్నీ 1863లో కలిసి టోకు సంస్థ పెట్టుకుని, 1873కల్లా మాంచెస్టర్ దగ్గర క్రంప్‌సల్‌లో సొంతంగా బిస్కెట్లు చేయించాయి. తర్వాత సిలోన్‌లోనూ దక్షిణ భారతంలోనూ టీ తోటలు కూడా కొన్నాయి. సెయిన్స్‌బరీ దంపతులు 1869లో లండన్‌ డ్రూరీ లేన్‌లో కొట్టు పెట్టినప్పుడు ఆ చుట్టుపక్కల బీదవాడకు వాళ్ళు ఎరగా చూపింది శుభ్రమైన, నాణ్యమైన వెన్న. ఆ సంస్థ తొలి సొంత బ్రాండ్ సరుకు 1882 నాటి బేకన్ అంటారు. వీటిలో ఏదీ 'ఇది బీదవాళ్ళ రకం' అని చెప్పుకుంటూ పుట్టలేదు.

దీనికి తెలుగువాడు వెంటనే ఒక మాట అంటాడు: ఇందులో వింతేముంది, మన కిరాణా కొట్టులో కందిపప్పు, మినప్పప్పు, చింతపండు అన్నీ కొట్టు సరుకేగా? నిజమే, కానీ విడిగా తూచి కాగితంలో కట్టిచ్చే సరుకుకు పేరు అక్కర్లేదు. కొట్టుదారు మొహమే దాని పేరు. పప్పులో రాళ్ళుంటే రేపు వెళ్ళి అడగొచ్చు, ఖాతా ఆపేయొచ్చు. ఆ మొహం మాయమైన చోటే లేబుల్ నోరు విప్పాల్సి వచ్చింది. సెయిన్స్‌బరీస్ 1950లో క్రాయిడన్‌లో, కొనేవాళ్ళే అరల్లోంచి సరుకు తీసుకునే కొట్టు తెరిచింది. తూచి ఇచ్చే మనిషి పక్కకు తప్పుకోగానే అతను చెప్పే నాలుగు మాటలూ పొట్లం మీదికి ఎక్కాలి. 1962 నుంచి 1977 దాకా పీటర్ డిక్సన్ ఆధ్వర్యంలో ఆ సంస్థ సొంత డిజైన్ స్టూడియో చేసిన పొట్లాలు ఇప్పటికీ కళాప్రియులు దాచుకునేంత బాగుంటాయి: రెండు మూడు రంగులు, నాలుగు గీతలు, పెద్ద అక్షరాలు. అదే కాలంలో ధరల చట్టమూ మారింది. అప్పటిదాకా చాలా బ్రాండు సరుకుల చిల్లర ధరను తయారీదారే నిర్ణయించేవాడు. కొట్టువాడు తన ఇష్టానికి తగ్గించడానికి లేదు. సొంత పేరున్న సరుకుకు మాత్రం ఆ సంకెళ్ళు లేవు. 1964లో అప్పటి వాణిజ్య మంత్రి ఎడ్వర్డ్ హీత్ తెచ్చిన చట్టం మిగతావాటికీ చాలావరకు ఆ సంకెళ్ళు తీసేసింది.

చవకను చవకలా కనిపించేట్టు అమ్మడం ఇంకా తర్వాతి ఆలోచన. 1976లో ఫ్రాన్స్‌లో కార్ఫూర్ అనే సూపర్‌మార్కెట్ సంస్థ ఏ బ్రాండు పేరూ లేని తెల్ల పొట్లాల్లో 50 సరుకులు పెట్టింది. మరుసటి ఏడాదికల్లా ఆ పద్ధతి అమెరికా చేరింది. బ్రిటన్‌లో 1990లో జర్మనీ నుంచి ఆల్డి అనే చవక కొట్ల సంస్థ దిగి ధరలు కోసేయడం మొదలుపెట్టాక, 1993లో టెస్కో నీలం గీతల 'వాల్యూ' సరుకును అరల్లోకి ఎక్కించింది. బిల్లు కౌంటర్ దగ్గర పక్కవాడికి కూడా కనిపించే ఆ గీతలు పేదరికాన్ని చాటుతున్నాయని నొచ్చుకున్నవాళ్ళున్నారు. ఆ నొప్పి అబద్ధం కాదు. కానీ ధర తగ్గడానికి కారణం గీతలు కాదు. ప్రకటనల ఖర్చు లేకపోవడం, ఒకే కొలతకు పెద్ద మొత్తంలో ముందే ఆర్డరివ్వడం, బ్రాండు సరుకు చేసే ఫ్యాక్టరీలే ఖాళీ సమయంలో ఈ పనీ ఒప్పుకోవడం. నాణ్యత తక్కువేమో అంటే, సరుకును బట్టి చెప్పాలి. ఉప్పు, చక్కెర, పప్పు దినుసుల్లో తేడా వెతికితే దొరకదు. చవక డబ్బాలో టమాటా కాస్త పల్చగా, నీళ్ళగా ఉంటుంది, అంటే పొయ్యి మీద ఇంకో పది నిమిషాలుండాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి, చిటికెడు పంచదార పడాలి. కంపెనీవాడు సీసాలో పోసి అమ్మే పాస్తా సాస్ ధరలో ఈ పని కూలీ కూడా కలిసే ఉంటుంది. సొంత బ్రాండ్ డబ్బా ఆ కూలీని వండేవాళ్ళకే వదిలేస్తుంది. అక్కడ చదువుకునే మన పిల్లలు ఆ డబ్బాకు ఎర్రటి మైసూరు పప్పు, కాస్త తాలింపు జోడించి టమాటా పప్పు చేసుకున్నా లెక్క ఇదే. 2008లో ధరలు మండుతున్నప్పుడు సెయిన్స్‌బరీస్ 5 పౌండ్లలో నలుగురికి రాత్రి భోజనం అని ప్రచారం చేసింది. సరుకుతోపాటు వంట విధానాన్నీ చేతిలో పెట్టక తప్పలేదంటే, ఆ 5 పౌండ్లలో పడని ఖర్చు ఏదో ఆ కొట్టుకూ తెలుసన్నమాట.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. కొట్టువాడు పూచీ అంటున్నాడు గాని, ధర తగ్గించే భారాన్ని సరఫరాదారు మీదికి నెట్టి, ఆ సరఫరాదారు ఇంకొకరి మీదికి నెడితే, గొలుసు చివర ఏం కలిసిందో ఎవరికి తెలుసు? 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ పరీక్షించిన టెస్కో చవక రకం బీఫ్ బర్గర్‌లో 29 శాతం గుర్రం మాంసం తేలింది. హాసల్ సూక్ష్మదర్శిని స్థానంలో డీఎన్ఏ పరీక్ష వచ్చింది, మిగతా కథ పాతదే. మరుసటి నెలలో ఫిండస్ అనే పేరున్న కంపెనీ లసాన్యాలోనూ గుర్రం మాంసం బయటపడింది కాబట్టి బ్రాండు కొనుక్కుంటే బతికిపోయేవాళ్ళమని అనడానికి లేదు. అయినా దెబ్బ కొట్టు పేరుకే గట్టిగా తగిలింది, తగలాల్సిందే కూడా. డబ్బా మీద ఇంకెవరి పేరూ లేదు మరి. పెద్ద కొట్లు సరఫరాదారులతో ఎలా వ్యవహరిస్తున్నాయో చూడ్డానికి బ్రిటన్‌లో ప్రత్యేక అధికారిని పెట్టే చట్టం కూడా అదే ఏడాది వచ్చింది.

ఆ తర్వాత టెస్కో చేసిన పనులు చూస్తే పూచీ ఎంత బరువైనదో దానికీ అర్థమైనట్టుంది. 2016లో చవక మాంసం, కూరగాయలు, పళ్ళ మీద ఎక్కడా లేని పొలాల పేర్లు వేసింది. రైతు సంఘాలు మండిపడ్డాయి. 2018లో చవక రకం టీ, బీన్స్ డబ్బాల వంటి వాటిమీద తన పేరు తీసేసి 'స్టాక్‌వెల్ అండ్ కో' అని రాసింది. ఏదో పాతకాలపు కంపెనీ అనుకుంటారు చూసినవాళ్ళు. లండన్ సంతల్లో సరుకులమ్మే జాక్ కోహెన్ 1924లో టి.ఇ. స్టాక్‌వెల్ అనే వర్తకుడి దగ్గర టీ కొని, అతని పొడి అక్షరాలకు తన ఇంటిపేరులోని మొదటి రెండక్షరాలు కలిపి పొట్లం మీద వేసిన పేరే టెస్కో. మొదట ఆ పేరు పెట్టింది టీ పొట్లానికి, కొట్టుకు కాదు.